కాల్చి చూడని గుడ్డ

భద్రయ్య మాసిక వేశాడంటే, ఎక్కడ వేశాడో చూపించమని గదిలో పందేలు వేసుకునేవారు. వెలుతురుకి ఎత్తి చూసినా, గోరుతో గీకి చూసినా చోటు దొరికేది కాదు. అదేం గర్వమో గానీ, ఎవరికీ దొరక్కపోతే ఆ పూట మనిషి ఒక ముద్ద ఎక్కువే తినేవాడు.

గదంటే పరాయి దేశంలో, జురాంగ్ వెస్ట్ అనే పేటలో ఇళ్లు అయిపోయి ఫ్యాక్టరీలు మొదలయ్యే చోట కట్టిన పనివాళ్ల డార్మిటరీలో నాలుగో అంతస్తు. ఆరు ఇనప మంచాలు, ఒక్కోదానికి కిందొకడు పైనొకడు, వెరసి పన్నెండుమంది. అందరూ ఓడలు బాగుచేసే యార్డులో పనివాళ్లే. ఆదివారం పొద్దున్నే చుట్టుపక్కల గదులవాళ్లు కూడా చినిగిన కవరాళ్లు చంకన పెట్టుకుని వరండాలోకి వచ్చేవారు. కవరాలంటే చొక్కా, ప్యాంటూ కలిపి ఒకటిగా కుట్టిన ముదురు నీలం పనిబట్ట. నిప్పురవ్వల మధ్య పని చేసేవాళ్లకి దళసరి నూలుతో కుట్టిస్తారు. ఏడాదికి రెండు జతలిస్తారు. చిల్లు పడితే స్టోరులో ఇచ్చేసి కొత్తది తీసుకోవాలని గోడమీద నాలుగు భాషల్లో రాసి ఉంటుంది. తీసుకోవడానికి వెళ్తే మాత్రం స్టోరు మనిషి, వాడి అత్తగారి సొమ్మేదో అడిగినట్టు మొహం పెడతాడు. ఎందుకొచ్చిన గొడవని అందరూ భద్రయ్య దగ్గరికే పోయేవారు.

భద్రయ్య ఊరికే కుట్టేవాడు కాదు, తిడుతూ కుట్టేవాడు. "ఏట్రా ఇది, గుడ్డనుకున్నావా గోనె సంచనుకున్నావా? మీ ఆవిడ సీర కూడా ఇలాగే సింపుతావేటి?" అనేవాడు. వాళ్లు నవ్వేవారు. ఎవడైనా టీ తెచ్చిపెడితే తాగేవాడు, అంతకుమించి ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోలేదు.

అసలాయన దర్జీ. సోంపేట బజారులో పద్నాలుగో ఏట కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి, సొంత మిషను వేసుకునేదాకా వచ్చాడు. ఇంతలో రెడీమేడ్ బట్టలు వచ్చిపడ్డాయి. పండగకి కూడా కొలతలివ్వడానికి ఎవరూ రాని ఏడు, మిషనుకి గుడ్డ కప్పేసి ఇక్కడికొచ్చాడు. ముప్ఫై రెండేళ్లప్పుడు వచ్చినవాడికి ఇప్పుడు యాభై ఒకటి. పగలంతా ఓడ అడుగున రేకు అరగదీసే గ్రైండింగ్ పని. ఆ పనిలో ఆయన్ని మెచ్చుకున్నవాడు లేడు, తిట్టినవాడూ లేడు. మనిషికి ఏదో ఒకచోట పేరుండాలి కదా. భద్రయ్య పేరు ఆదివారం సూది చివర ఉండేది.

ఇక అనిల్‌కుమార్. కంచిలి దగ్గర పల్లె, భద్రయ్య ఊరికి నాలుగు కోసుల దూరం. ఇరవై ఎనిమిదేళ్లవాడు, వెల్డరు. మూడేళ్ల కిందట వచ్చిన కొత్తలో ఓడ ట్యాంకులో ఉక్కకి, పొగకి తట్టుకోలేక వారం రోజులు తిన్నది తిన్నట్టు కక్కుకుంటే భద్రయ్యే గంజి కాచి తాగించాడు. అప్పటినుంచీ మావా అంటే మావా. వాడి పెళ్లికి వెళ్లలేకపోయినా, వాడి పెళ్లాం లతతో రోజూ ఫోన్లో మాటలు కలుపుతూ పెళ్లిపెద్దలా అయిపోయాడు.

ఓ శనివారం సాయంత్రం అనిల్ తన కవరాల్ తెచ్చి మంచం మీద పడేశాడు. కుడి తొడ మీద అరచేయంత మేర కాలి చిల్లు పడింది.

"సోమారం కావాల మావా. రెండోది ఉతికేను, ఈ ముసురుకి ఆరేలా లేదు" అన్నాడు.

భద్రయ్య దగ్గర పాత కవరాళ్ల ముక్కలున్నాయి. మంచి నూలే, కానీ ఉతికి ఉతికి వెలిసిపోయి బూడిదరంగుకొచ్చాయి. అవి వేస్తే తొడ మీద తెల్లమచ్చలా కనపడుతుంది. పెట్టె అడుగున ఇంకో ముక్క ఉంది. ఎవరో సెక్యూరిటీ గార్డు పారేసిన ప్యాంటులోది. తీసి పక్కన పెడితే, ఆ కవరాల్‌కీ దీనికీ ఒకే తానులో పుట్టినంత పోలిక. అంతకు ముందు వారం ఆ ముక్కతోనే ఇద్దరికి మోచేతుల దగ్గర అతుకులేశాడు. ఇద్దరూ అతుకు ఎక్కడని వెతుక్కున్నారు.

దర్జీలకి ఒక అలవాటుంది. ముక్కూ మొహం తెలియని గుడ్డ చేతికొస్తే అంచునించి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి చూస్తారు. బూడిదై రాలితే నూలు. ముడుచుకుని నల్లటి పూసలా గట్టిపడితే పాలిస్టరు. కాజాలు కుట్టే పిల్లాడికి కూడా తెలిసిన సంగతి ఇది. భద్రయ్య జేబులో లైటరుంది. పోగు కూడా లాగాడు. వేళ్ల మధ్య నలిపితే జారుడుగా తగిలింది. కాలిస్తే తెలిసిపోతుంది, తెలిస్తే వెయ్యకూడదు. ఆయనకేమో వెయ్యాలని ఉంది. పోగు కింద పడేసి సూదిలోకి దారం ఎక్కించాడు.

కుట్టడం అయ్యాక అనిల్ బట్టని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎక్కడేసావు మావా?" అన్నాడు. ఆ మాట వినడానికే కదా ఇంతా చేసింది. భద్రయ్య మీసం చాటున నవ్వుకున్నాడు.

మంగళవారం పదకొండు గంటలకి ట్యాంకులో కూచుని నెత్తిమీద రేకు కాలుస్తున్నాడు అనిల్. లోపల పొయ్యిలో కూచున్నట్టుంది. తోలు ఏప్రాన్ కట్టుకుంటే ఊపిరాడ్డం లేదని విప్పి పక్కన పెట్టాడు. పైనించి కరిగిన ఇనుం ఎర్రటి ముద్ద ఒకటి జారి తొడమీద పడింది. అలాంటివి రోజూ పడతాయి, దులుపుకుంటారు. ఇది దులిపితే పోలేదు. గుడ్డ కరిగి ఒంటికి అంటుకుపోయింది. నీళ్లు తెచ్చి పోసేలోపు వాడు పెట్టిన కేక పక్క ట్యాంకులో గ్రైండింగ్ చేస్తున్న భద్రయ్యకి మిషను మోతలోంచి కూడా వినపడింది.

ఆసుపత్రికి తోడు పంపింది భద్రయ్యనే. సాయంత్రానికి ఒక నర్సమ్మ బయటికి వచ్చి తమిళంలో చెప్పింది. పంతొమ్మిదేళ్లలో ఆయనకి తమిళం బాగానే వచ్చింది. గుడ్డ కరిగి చర్మంలోకి దిగిపోయిందట, అది గీకి తీయడానికే ఇంతసేపు పట్టిందట. ఉత్త నూలుగుడ్డయితే పైపైన కమిలి పోయేదట, ఇంత లోతు కాలేది కాదట. ఎడమ తొడ మీది చర్మం తీసి కుడి తొడకి అతుకు వెయ్యాలట. నర్సమ్మ మామూలుగానే చెప్పి వెళ్లిపోయింది. భద్రయ్య జేబులో లైటరుని తడుముకున్నాడు.

ఆ సాయంత్రం డార్మిటరీ వెనక సిగరెట్లు కాల్చుకునే చోటికెళ్లి, మిగిలిన నీలం ముక్కలోంచి ఒక పోగు లాగి లైటరు వెలిగించాడు. ముడుచుకుని నల్లపూసైంది. వేలికి తగిలిస్తే చురుక్కుమని అంటుకుపోయింది, చర్మంతో సహా ఊడొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, అదీ. తెలిసింది, కానీ ఎవరికేం ప్రయోజనం?

ఆ వారంలోనే, నీలం ముక్కతో అతుకులేసిన మిగతా ఇద్దరి కవరాళ్లూ అడిగి తీసుకున్నాడు. కుట్టు సరిగ్గా కుదరలేదని చెప్పి విప్పేసి, వెలిసిపోయిన నూలుముక్కలు వేసిచ్చాడు. వాళ్లలో రంగనాథ్ అనేవాడు, "బానే ఉంది కదన్నా, ఎందుకు పాడుసేసావు?" అని నొచ్చుకున్నాడు. ఆ తరవాత ఆదివారం, చూపు ఆనడం లేదని చెప్పి కుట్టు మానేశాడు. మిగిలిన ముక్కని చెత్తబుట్టలో వేశాడు.

యార్డులో విచారణ జరిగింది. కాలిన కవరాల్‌ని ఆసుపత్రిలోనే కత్తిరించి పారేశారు, దాన్ని చూసినవాడు లేడు. ఏప్రాన్ కట్టుకోకపోవడం అందరూ చూశారు. పనివాడి నిర్లక్ష్యం అని కాగితాల్లో రాసుకున్నారు. రోజూ పొద్దున్న పని మొదలయ్యే ముందు వరసలో నిలబెట్టి జాగ్రత్తలు చెప్పే సేఫ్టీ ఆఫీసరు వీరాస్వామి, "ఏప్రాన్ లేకుండా కూచుంటే అనిల్‌కుమార్ గతే పడుతుంది" అని వాడి పేరెత్తి చెప్పడం మొదలుపెట్టాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వరసలో నిలబడ్డ భద్రయ్య ప్రతిరోజూ కాలివేళ్ల వంక చూసుకునేవాడు.

ఐదు వారాలకి అనిల్‌ని ఆసుపత్రినించి గదికి తీసుకొచ్చారు. పై మంచం ఎక్కలేడని భద్రయ్య తన కింద మంచం ఇచ్చి తాను పైకెక్కాడు. స్నానానికి పట్టుకెళ్లడం, కాలుకి ప్లాస్టిక్ చుట్టడం, నూనె రాయడం, కేటరింగ్ అన్నం పొట్లం విప్పి పెట్టడం అన్నీ ఆయనే. పనినించి వచ్చి బూట్లు విప్పకముందే వాడి దగ్గర కూచునేవాడు.

"కన్నతండ్రి కూడా ఇలా సెయ్యడు బావూ" అనేవాడు రంగనాథ్.

ఆ పొగడ్త విన్నప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉండేవాడు భద్రయ్య. చేసింది చెప్పుకోలేక, చేస్తున్నది మానలేక, లోపల్లోపలే కుళ్లిపోయేవాడు. నిజం చెప్పొద్దూ, ఆ సేవలో సగం ప్రేమైతే సగం భయం.

అన్నిటికంటే కష్టం లత ఫోను. అనిల్ ఫోను ఎప్పుడూ స్పీకరులో పెట్టే మాట్లాడతాడు. ఆ పిల్ల రోజూ ఏడ్చేది, ఏడ్చి ఏడ్చి తిట్టేది. "ఆ తోలుముక్క కట్టుకోడానికి నీకేటి బరువయ్యింది? ఉక్కంట, ఉక్క. ఇప్పుడు సల్లగుందా?" అనేది. అనిల్ తల దించుకుని, "తప్పయిపోనాదే, నా బుద్ధి గడ్డి తిన్నాది" అనేవాడు. పక్కనే కూచుని గిన్నె కడుగుతున్నట్టో, దుప్పటి మడతపెడుతున్నట్టో నటించేవాడు భద్రయ్య. ఒకరోజు లత, "మావయ్యా, మీరైనా సెప్పలేకపోయేరా ఈ మనిషికి, ఏప్రాన్ కట్టుకోమని?" అంది. "సెప్పాల్సిందమ్మా" అన్నాడు.

వాడు ఏప్రాన్ విప్పడం నిజమే కదా అని తనకి తాను చెప్పుకునేవాడు. విప్పకుండా ఉంటే ఏమీ అయ్యేది కాదు. అందులో అబద్ధం లేదు. ఆ ఒక్క మాటని పట్టుకుని రెండు నెలలు ఈదాడు.

ఇంటికి ఫోను చేసినప్పుడు భార్య నూకాలమ్మకి మాత్రం చెప్పాడు. అవతల తలుపు గడియ పెట్టిన చప్పుడైంది. తరవాత గొంతు తగ్గించి అంది.

"ఇప్పుడు సెప్పి ఏటి సేత్తావు? ఊడిపోయిన తోలు తిరిగొత్తాదేటి? ఆ గుంటడు ఎలాగూ ఇంటికొచ్చేత్తన్నాడు. వాలూరు మనకెంత దూరం? రేపు సంతలో నాను మొకం ఎలా ఎత్తుకోవాల? నోరు మూసుకో."

"ఆ పిల్ల ఆడ్ని రోజూ తిడతందే" అన్నాడు భద్రయ్య.

"మొగుడూ పెల్లాలు, తిట్టుకుంటారు, కలుత్తారు. మజ్జిన నీకేటి?"

ఆమె మాటలోనూ న్యాయముంది. భద్రయ్య సరే అన్నాడు.

అనిల్ కాలు పూర్తిగా మడత పడడం లేదని, ట్యాంకుల్లో దూరే పనికి ఇక పనికిరాడని డాక్టర్లు తేల్చారు. పని పర్మిటు రద్దయింది. గురువారం మధ్యాహ్నం వైజాగ్ విమానానికి టిక్కెట్టు వేశారు. ఆదివారం పొద్దున్న గదిలోవాళ్లంతా మనవాళ్ల దుకాణాలుండే టెక్కా మార్కెట్టుకి పోయారు. అనిల్, భద్రయ్య ఇద్దరే మిగిలారు. అనిల్ పెట్టెలోంచి నల్ల ప్యాంటొకటి తీశాడు. పెళ్లైన కొత్తలో లత కొన్నదది.

"ఇది ఏసుకుని ఎల్లాల మావా. తొడకాడ పట్టేత్తంది, కొత్త తోలు మీద రాసుకుని మంటెడతంది. లుంగీ కట్టుకుని దిగితే మావోలు కాలే పోనాదనుకుని ఎయిర్‌పోర్టులోనే గుండెలు బాదుకుంటారు. పక్క కుట్టు విప్పి లోపల గుడ్డ పెట్టి వదులు సెయ్యగలవా?"

భద్రయ్య ప్యాంటు తీసుకుని కుట్టు తిరగేసి చూశాడు. నడుందాకా విప్పాలి, నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డ దింపాలి. "నల్లగుడ్డ కావాల. సాయంత్రం టెక్కాకెల్లి సూసొత్తాను. ఈ రంగు దొరకడం కట్టమే" అన్నాడు.

"నువ్వు సేత్తే కనపడదులే మావా" అన్నాడు అనిల్, దిండుకి ఆనుకుంటూ. "నీ సేతి పని నాకు తెల్దా? ఆ కవరాల్‌కి ఏసింది కూడా ఎక్కడేసావో నాకు కనపడ్నేలేదు."

వాడు మామూలుగానే అన్నాడు. మెచ్చుకోలుగా అన్నాడు. భద్రయ్య ప్యాంటు ఒళ్లో పెట్టుకున్నాడు. గురువారం వీడు విమానం ఎక్కేస్తాడు. ఎక్కేస్తే ఇక ఈ మాట బతికినన్నాళ్లూ తన దగ్గరే ఉండిపోతుంది, వాడేమో బతికినన్నాళ్లూ తన బుద్ధి గడ్డి తిన్నదనుకుంటాడు. నూకాలమ్మ మాట గుర్తొచ్చింది. అయినా నోరు ఆగలేదు.

"అనిలూ, నీ కాలు అంత కాలింది ఏప్రాన్ లేక కాదురా" అన్నాడు.

అనిల్ అర్థం కానట్టు చూశాడు.

"నానేసిన గుడ్డ నూలు కాదు. పాలిస్టరు. కరిగి అంటుకుపోనాది. కవరాల్ గుడ్డయితే కమిలేది, అంతే. నర్సమ్మ ఆ రోజే సెప్పింది నాకు."

ఫ్యాను తిరుగుతోంది. కింద బాస్కెట్‌బాల్ ఆడుతున్న కుర్రాళ్ల అరుపులు వినపడుతున్నాయి. అనిల్ తన తొడ వంక చూసుకున్నాడు, ఆయన వంక చూశాడు.

"అందుకేటి రంగనాథ్‌కేసిన అతుకు విప్పేసావు?"

"అందుకే."

"తెలిసే ఏసావా?"

"తెలిసీ తెలవనట్టు ఏసేను. పోగు సేతిలోనే ఉంది. నలిపితే అనుమానమొచ్చింది."

"కాల్సి సూడొచ్చు కదా మావా."

"సూడొచ్చు. లైటరు జేబులోనే ఉంది."

"మరెందుకు సూడలేదు?"

భద్రయ్య దగ్గర ఇంకో జవాబుంటే చెప్పేవాడే. రెండు నెలలు వెతికాడు, లేదు. "రంగు బాగా కలిసిందిరా" అన్నాడు.

కోపమొస్తే అరుస్తాడనీ, చేతికందింది విసిరేస్తాడనీ భద్రయ్య ఎదురుచూశాడు. అరిచినా బావుండేది. వాడు ఫోను తీసి, లతకి కలిపి, స్పీకరు పెట్టి ఇద్దరికీ మధ్యన మంచం మీద పెట్టాడు.

"నువ్వే సెప్పు" అన్నాడు.

అవతల కుక్కరు కూత వినిపిస్తోంది. లత ఎప్పట్లాగే మొదలుపెట్టింది, టిఫిను తిన్నావా, మందేసుకున్నావా, ఆ రోజు ఆ ముక్క కట్టుకునుంటే ఈ మందులన్నీ ఉండేవి కావు కదా అంటూ. భద్రయ్య ఫోను వైపు వంగి, "అమ్మా లతా, నాను" అన్నాడు. ఉన్నదంతా చెప్పాడు. నర్సమ్మ మాట చెప్పాడు, పోగు సంగతి చెప్పాడు, లైటరు సంగతి కూడా చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. క్షమించమని అడగలేదు, అడిగే నోరు లేదు.

లత ఆయన్ని ఒక్క మాటా అనలేదు. "ఏవండీ" అంది అనిల్‌తో. ఎప్పుడూ నువ్వనే పిల్ల. "ఇన్నాళ్లూ నాను మిమ్మల్ని తిడతంటే ఎందుకు తిట్టనిచ్చేరు?"

"నాకూ ఇప్పుడే తెలిసిందే" అన్నాడు అనిల్.

అప్పుడేడ్చింది. అప్పటిదాకా ఏడ్చిన ఏడుపులు వేరు, ఇది వేరు. ఎంత తిట్టింది, ఎన్ని మాటలంది, ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషిని ఎన్నెన్ని అంది, అవన్నీ ఇప్పుడు తిరిగొచ్చి ఆమెకే తగులుతున్నాయి. భద్రయ్య వింటూ కూచున్నాడు. కాలింది ఒక తొడేననుకున్నాడు ఇన్నాళ్లూ. సముద్రం అవతల వంటింట్లో ఇంకో మనిషి కూడా కాలింది, అది ఆయన లెక్కలోకి రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోను పెట్టేశాక భద్రయ్య ప్యాంటు మడిచి వాడి పక్కన పెట్టబోయాడు. ఇంక వాడు తన చేత కుట్టించుకోడు కదా.

"ఉంచు" అన్నాడు అనిల్, అటు తిరిగి. "నల్లగుడ్డ కోసం ఎక్కడికీ ఎల్లకు. నూలు గుడ్డ ఏదుంటే అదెయ్యి. కనపడనీ. ఎక్కడేసావో నాకు తెలియాల."

భద్రయ్య దగ్గర ఉన్న మెత్తటి నూలుగుడ్డ ఒక్కటే, తన నీలంగళ్ల లుంగీ. పదేళ్లుగా ఉతికి ఉతికి దూదిలా అయింది, కొత్త చర్మానికి రాసుకోదు. దాన్నించి ఒక పట్టీ చింపాడు. వరండాలో కూచుని ఆ సాయంత్రం, మర్నాడు పనినించి వచ్చాక, మూడోరోజు కూడా కుట్టాడు. కొలత ప్రకారం బిగువుగా కుడితే పుండుమీద ఒత్తుతుంది, అందుకని వదులుగా వదిలేస్తే గుడ్డ ముడతలు పడింది. నల్ల ప్యాంటుకి పక్కన నడుంనించి మోకాలిదాకా నీలంగళ్ల పట్టీ. ఎంత దూరంనించి చూసినా కనపడేదే. అంచు లోపలికి మడిచి దాచాలని వేళ్లు వాటంతటవే పోయేవి. మడిస్తే లోపల గీత తేలుతుంది, ఆ గీత చర్మానికి గుచ్చుకుంటుంది. విప్పి మళ్లీ బయటికే కుట్టాడు. ఇంత వికారమైన పని ఆయన చేతిమీదుగా ఎప్పుడూ పోలేదు. చూసుకుంటుంటే సిగ్గేసింది, ఆ సిగ్గు తనకి తగిందేననిపించింది.

ఆ మూడురోజులూ అనిల్ ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. స్నానానికి రంగనాథ్‌ని పిలిచాడు. భద్రయ్య పొట్లం విప్పి పెడితే తిన్నాడు, వద్దనలేదు.

గురువారం భద్రయ్య పనికి సెలవు పెట్టాడు. ప్యాంటు ఇస్తే అనిల్ తొడుక్కుని నాలుగడుగులు వేశాడు. పట్టీ మీద చెయ్యి పెట్టి గుడ్డని వేళ్లతో నలిపాడు.

"కాల్సి సూసేవా?" అన్నాడు.

"సూసేను."

వాడు తలూపాడు. కింద వ్యాను వచ్చింది. కాలు చాపుకుని వెనక సీటులో అడ్డంగా కూచున్నాడు. రంగనాథ్ పెట్టె ఎక్కించి డ్రైవరు పక్కన కూచున్నాడు. అనిల్ వెళ్లొస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. వ్యాను గేటు దాటి ఫ్యాక్టరీల వైపు తిరిగింది. భద్రయ్య మెట్లెక్కి గదికెళ్లి, ఖాళీ అయిన కింద మంచం మీద కూచున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర గదిలోవాళ్లకి తనే చెప్పాడు. ఒకడు గిన్నె పట్టుకుని బయటికెళ్లి తిన్నాడు. మర్నాడు వీరాస్వామి ఆఫీసుకెళ్లి కూడా చెప్పాడు. ఆయన విని, కాగితాలు పైకి వెళ్లిపోయాయి, ఇప్పుడు మార్చలేను, పనికి వెళ్లు అన్నాడు. ఆ తరవాత వరసలో అనిల్ పేరెత్తడం మాత్రం మానేశాడు. అతుకులేసిన కవరాళ్లతో పనికి రావద్దని కొత్తమాట ఒకటి కలిపాడు. స్టోరు దగ్గర వరస పెరిగింది. ఆదివారం వరండాలోకి ఎవరూ రాలేదు, చూపు బానే ఉందని ఆయనా చెప్పలేదు.

వారం తిరిగాక, సాయంత్రం పనినించి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఫోను మోగింది. లత.

"మావయ్యా, బావున్నారా?" అంది. మామూలుగానే ఉంది గొంతు, కాస్త అలిసినట్టుంది.

"బావున్నానమ్మా. ఆడి కాలెలాగుంది?"

"మడత పడ్డం లేదు. పీటమీద కూకోలేకపోతన్నాడు. అన్నానికి కుర్సీ ఏసేం." కొంచెంసేపు ఆగింది. "సూడ్డానికి ఊరంతా వత్తన్నారు. మీ ఊరోలు కూడా వచ్చేరు. ఆ నల్ల ప్యాంటే ఏసుకుంటన్నాడు రోజూ, మిగతావి ఒరుసుకుంటన్నాయి కదా. అందరూ ఆ గళ్లగుడ్డ సూసి, ఇదేటి, ఇదెవరు కుట్టేరని అడుగుతన్నారు."

భద్రయ్య గోడకి ఆనుకున్నాడు. "ఏటి సెప్పేవమ్మా?"

"ఉన్నమాటే సెప్పేను" అంది లత. "కాల్సిందీ మా మావయ్యే, కుట్టిందీ మా మావయ్యేనని."

"సరేనమ్మా" అన్నాడు భద్రయ్య.

ఆమె ఫోను పెట్టెయ్యలేదు. ఆయనా పెట్టెయ్యలేదు.